షాడోస్ గేమ్ చవగ్గా వస్తోందని ‘సెకండరీ ఐడీ’ కొనకండి

అసాసిన్స్ క్రీడ్ షాడోస్ అనే వీడియో గేమ్ కొందామని చూస్తున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. ‘పీఎస్5 డిజిటల్ గేమ్, సగం కన్నా తక్కువ ధర’ అని ఇన్‌స్టాలో, వాట్సాప్ గ్రూపుల్లో అమ్ముతున్నారు చూడండి, వాళ్ళు మీకిచ్చేది గేమ్ కాదు. ఎవరిదో ప్లేస్టేషన్ ఐడీ, దాని పాస్‌వర్డ్. నేను 1,400 రూపాయలకు తీసుకున్నాను. రెండు నెలలకు డబ్బూ పోయింది, అరవై గంటలకు పైగా ఆడిన ఆటా పోయింది.

వాళ్ళ వ్యాపారం ఎలా నడుస్తుందో ముందు చెప్తాను. పీఎస్5లో, అంటే ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్‌లో, ‘కన్సోల్ షేరింగ్’ అనే సెట్టింగ్ ఉంటుంది. ఒక ఐడీకి అది ఒక్క కన్సోల్‌లోనే ఆన్ అవుతుంది. ఆన్ చేసిన కన్సోల్‌లో ఆ ఐడీ మీద కొన్న గేమ్‌ని ఇంట్లో ఎవరి ఐడీతోనైనా ఆడుకోవచ్చు. దీన్ని ‘ప్రైమరీ’ అని ఒకరికి ఎక్కువ రేటుకు అమ్ముతారు. మళ్ళీ అదే ఐడీని ‘సెకండరీ’ అని ఇంకొకరికి తక్కువకు ఇస్తారు. సెకండరీ తీసుకున్నవాళ్ళు అమ్మినవాడి ఐడీలోనే, నెట్ ఆన్‌లో ఉంచుకుని ఆడాలి. నేను తీసుకున్నది అదే. పీఎస్ఎన్ (ప్లేస్టేషన్ ఆన్‌లైన్ సర్వీస్) నిబంధనల ప్రకారం అకౌంట్లు అమ్మడమే కుదరదు. కాబట్టి రేపు తేడా వస్తే కంపెనీకి చెప్పుకునే వీలు కూడా మనకుండదు.

ఈ గేమ్ కోసం ఎంత ఎదురుచూశామో ఈ సిరీస్ ఆడేవాళ్ళకు తెలుసు. కథని జపాన్‌లో పెట్టండని ఏళ్ళ తరబడి అందరూ అడిగారు. చివరికి ప్రకటించాక కూడా రెండుసార్లు వాయిదా పడి 2025 మార్చి 20న వచ్చింది. వచ్చాక మాత్రం నేను దాన్ని వదల్లేకపోయాను. ఇందులో మనం ఆడే ఇద్దరిలో ఒకరు, జపాన్‌లోని ఇగా నుంచి వచ్చిన షినోబి (నింజా) అమ్మాయి నావోయేతో రాత్రిపూట కోటలోకి దూరి, దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ, నేలకు ఆనుకుని పాక్కుంటూ వెళ్ళడం నాకెంత ఇష్టమో చెప్పలేను. చలికాలం వస్తే చెరువులు గడ్డకడతాయి, ఈత కొట్టి దాక్కునే దారి మూసుకుపోతుంది. చూరుకు వేలాడే మంచు కడ్డీలు మనం తగిలితే విరిగిపడి కాపలావాళ్ళకు చప్పుడు వినిపిస్తుంది. అదే కోటలోకి రెండో పాత్ర, సమురాయ్ యాసుకేతో వెళ్తే తలుపులు బద్దలు కొట్టుకుంటూ పోవచ్చు. యాసుకే కల్పిత పాత్ర కాదు, పదహారో శతాబ్దపు జపాన్ సేనాధిపతి ఓదా నోబునాగా దగ్గర నిజంగా పనిచేసిన ఆఫ్రికా మనిషి. ఆ చరిత్ర మీద ఇష్టంతో జపనీస్ మాటలు పెట్టుకుని, సబ్‌టైటిల్స్ చదువుకుంటూ ఆడాను. గేమ్‌లోని ఇజుమి సెత్సు ప్రాంతంలో ఉండే మన రహస్య స్థావరం, హైడవుట్‌ని ఒక్కో గది కట్టుకుంటూ, చెట్లు నాటుకుంటూ పెంచుకున్నాను. ఇదంతా ఎవరి ఐడీలో చేస్తున్నానో అప్పుడు ఆలోచించలేదు.

మొదట్లోనే అనుమానం రావాల్సింది. ఆడుతుండగా ‘మీ ఐడీ వేరే పీఎస్5లో లాగిన్ అయింది’ అని నన్ను బయటికి పంపేసేది. అమ్మినవాడిని అడిగితే ‘సిస్టమ్ ఎర్రర్ బ్రో, మళ్ళీ లాగిన్ అవ్వు’ అనేవాడు. ఆ ఒక్క ఐడీని ఇంకెంతమందికి అమ్మాడో. ఈలోగా ఆవాజి దీవి ఎక్స్‌పాన్షన్ (విడిగా కొనుక్కునే అదనపు కథ) వచ్చింది. ప్లేస్టేషన్ స్టోర్‌లో డబ్బు వేసుకునే వాలెట్ కోడ్ కొని దాన్ని కూడా అదే ఐడీలో తీసుకున్నాను. నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. ఏ ఐడీ మీద కొంటే అది ఆ ఐడీదే అవుతుంది, డబ్బు ఎవరిదైనా సరే.

ఒక ఆదివారం కన్సోల్ ఆన్ చేస్తే గేమ్ బొమ్మ మీద తాళం గుర్తు కనిపించింది. పాస్‌వర్డ్ మార్చేశారు. మెసేజ్ పెడితే 24 గంటలు ఆగమన్నాడు, తర్వాత ‘వారంటీ అయిపోయింది’ అన్నాడు, ఆ తర్వాత బ్లాక్ చేశాడు. ఎక్కడిదాకా ఆడానో దాచే సేవ్ ఫైల్ నా కన్సోల్‌లోనే ఉంది, కానీ ఆ ఐడీకి కట్టేసి ఉంది. పీఎస్5 గేముల సేవ్‌లను పెన్ డ్రైవ్‌లోకి తీసుకోలేం, వేరే ఐడీలోకి మార్చుకోలేం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పీఎస్4లో కూడా ఆడుతుందని ఎవరైనా అమ్మితే అది పచ్చి అబద్ధం, ఈ గేమ్‌కి పీఎస్4 వెర్షనే లేదు. పీసీ వాళ్ళకు ‘ఆఫ్‌లైన్ యాక్టివేషన్’ పేరుతో అంటగట్టేదీ ఇలాంటి అరువు అకౌంటే. అదే పీసీ గేములు అమ్మే స్టీమ్ స్టోర్‌లో సొంతంగా కొంటే, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 అయితే డిస్కే కొనండి. తక్కువలో కావాలంటే సెకండ్ హ్యాండ్ డిస్క్ చూడండి, కానీ మీ కన్సోల్‌లో వేసి చూశాకే డబ్బివ్వండి. ఆడటం అయ్యాక మళ్ళీ అమ్ముకోవచ్చు కూడా. డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ పీఎస్5 ఉన్నవాళ్ళు మీ సొంత ఐడీలో స్టోర్ సేల్ వచ్చేదాకా ఆగండి.

ఇప్పటికే ఇలాంటి ఐడీలో ఆడుతున్నవాళ్ళు ఉంటే, ముందు అందులో మీ కార్డు వివరాలు పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి. ఇకపై దాంట్లో ఒక్క రూపాయి కూడా వెయ్యకండి. చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబరు ఇప్పుడే దాచుకోండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను మూడు వారాలు ఊరుకుని, ఆ తర్వాత చేశాను. అప్పటికి వాడు ఆ నంబరు కూడా తీసేశాడు.