గ్రిల్ తుప్పుకి థిన్నరా, టర్పెంటైనా, యాసిడా, నిమ్మ ఉప్పా? విశాఖ ఫ్లాట్‌లో ఏది మేలు?

బీచ్‌కి దగ్గర్లో ఇల్లున్నవాళ్లకి తుప్పు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఎంవీపీ కాలనీలో మా ఫ్లాట్ బాల్కనీ గ్రిల్‌కి మూడేళ్ల కిందట వేయించిన ఎనామిల్ ఇప్పుడు గోటితో గీరితే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తోంది, కింద ఇనుము ఎర్రగా పొడిపొడిగా ఉంది. ప్రతి సంక్రాంతికి ముందు ఊళ్లో సగం ఇళ్లలో ఇదే పని: గీకడం, కడగడం, రెడాక్సైడ్ ప్రైమర్ కొట్టడం, రంగు వేయడం. ఈ పనికి షాపులో ఇచ్చే సీసాల్లో ఏది ఇంట్లోకి తేవచ్చు, ఏది తేకూడదు అన్నది పోయినేడాది దాకా నేనూ పట్టించుకోలేదు.

పోయినేడాది జరిగింది చెప్తాను. సాయంత్రం ఆరున్నర. దోమలొస్తాయని హాలు కిటికీలన్నీ వేసేశాం. పెయింటర్ పని ముగించి, హాలు మూల స్టీలు పళ్లెంలో థిన్నర్ పోసి బ్రష్షులు కడుగుతున్నాడు. "వాసన ఘాటుగా ఉంది, బయట కడుక్కోవచ్చు కదా" అంటే "ఏటీ అవ్వదమ్మా, రోజూ చేసేదే" అన్నాడు. పళ్లేనికి ఐదారడుగుల దూరంలో, నేల మీద పీట వేసి పెట్టిన దేవుడి పటాల ముందు అమ్మ దీపం వెలిగించింది. అగ్గిపుల్ల గీసిన క్షణానికే మంట పీట దగ్గర లేచి నేల మీదుగా పళ్లెం దాకా ఒక్క ఊపులో పరిగెత్తింది. తమ్ముడు బకెట్‌తో నీళ్లు తేబోతే పెయింటరే అరిచి ఆపాడు, తడి గోనెసంచి తెచ్చి పళ్లెం మీద కప్పేశాడు. నీళ్లు పోసుంటే థిన్నర్ నీటి మీద తేలి మంట ఇల్లంతా పరుచుకునేది. అమ్మ చీర అంచు కాలింది, పాదం మీద రెండు బొబ్బలు. అంతటితో పోయింది.

దీపం దగ్గర థిన్నర్ చుక్క కూడా లేదు. ఆవిరి వెళ్లింది. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు. అందులో ఎక్కువగా ఉండే టోలుయిన్ ఆవిరైతే మూడు రెట్లు. అది పైకి లేవదు, నేలని పట్టుకుని నీళ్లలా పాకుతుంది, గుమ్మం కింద నుంచి పక్క గదిలోకి కూడా పోతుంది. మన ఊరివాళ్లకి ఇది తెలియని సంగతి కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి ఇళ్ల మధ్యకి పాకి 12 మందిని బలిగొన్న స్టైరీన్ ఆవిరి కూడా గాలి కంటే మూడున్నర రెట్లు బరువైనదే. ఆ రోజు టీవీలో చూసిన ఆ తెల్లటి పొగ ఎవరూ మర్చిపోలేరు. అయినా అదే జాతికి చెందిన ద్రవాన్ని మన హాల్లో మూత తీసి పెట్టుకుంటాం.

ఇక పోలిక. పాత రంగు తీయడానికి, బ్రష్షులు కడగడానికి ముందుగా థిన్నర్, టర్పెంటైన్. ఒక ద్రవం ఎంత వేడి దగ్గర నిప్పందుకునేంత ఆవిరి వదులుతుందో చూస్తే తేడా తెలిసిపోతుంది. పెట్రోలుకి అది మైనస్ 40 డిగ్రీలు, గోళ్ల రంగు తీసే అసిటోన్‌కి మైనస్ 20, టోలుయిన్‌కి 4. అంటే ఇవి ఫ్రిజ్‌లో పెట్టినా నిప్పుకి సిద్ధంగానే ఉంటాయి. టర్పెంటైన్, కిరసనాయిలు 35 - 40 డిగ్రీల దగ్గర ఉంటాయి, కాబట్టి జనవరి విశాఖలో అవి చాలా నయం. మేలో ఎండ తగిలే గ్రిల్‌ని పట్టుకుంటే చెయ్యి కాలుతుంది కదా, అప్పుడు మాత్రం టర్పెంటైన్ కూడా థిన్నర్ లాంటిదే అనుకుని జాగ్రత్త పడాలి. పెట్రోలుతో తుడవడం అసలు లెక్కలోకే తీసుకోను. బండిలోంచి తీసిన అరలీటరు కదా అని వాడేవాళ్లు దయచేసి మానేయండి.

ఇంకో మాట. ఎనామిల్ రంగుకి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ అక్కర్లేదు. రంగు డబ్బా మీదే మినరల్ టర్పెంటైన్ కలపమని రాసుంటుంది. ఎన్‌సీ థిన్నర్ చెక్క మీద కొట్టే లక్కర్లకి. తొందరగా ఆరుతుందని పనివాళ్లు దాన్నే తెస్తారు, ఆ తొందర అంటే ఆవిరి తొందరగా గదిలోకి రావడమే. కాబట్టి ఇక్కడ నా ఓటు టర్పెంటైన్‌కే, అదీ బాల్కనీలో.

పెయింట్ రిమూవర్ అని జెల్‌లా ఉండేది ఒకటుంది, పూస్తే పది నిమిషాల్లో రంగు ముడతలు పడి లేస్తుంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ కొన్నింటిలో డైక్లోరోమీథేన్ ఉంటుంది. అది సులభంగా నిప్పంటుకోదు, కానీ 40 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, పీల్చినదాన్ని మన ఒళ్లే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. అమెరికాలో 2000 నుంచి 2011 మధ్య బాత్‌టబ్బుల పాత పూత తీస్తూ 13 మంది పనివాళ్లు చనిపోయారు, అందరూ ఇరుకు బాత్రూముల్లోనే. 2019లో అక్కడ దాన్ని మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. మంట భయం లేకపోవడం ఒక్కటే చూస్తే ఇది థిన్నర్ కంటే మేలనిపిస్తుంది, మూసిన గదిలో అయితే థిన్నర్ కంటే ప్రమాదం. డబ్బా మీద ఆ పేరుంటే నేను కొనను.

తుప్పు సంగతికొస్తే యాసిడా, నిమ్మ ఉప్పా అన్నదే అసలు ప్రశ్న. బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పుని నిమిషాల్లో తినేస్తుంది, నిజమే. తర్వాత ఇనుమునీ తింటుంది. అప్పుడు లేచే బుడగలు హైడ్రోజన్, అదీ మండేదే. మూత తీయగానే వచ్చే పొగ గొంతులో మంట పెట్టడంతో ఆగదు, పక్కనున్న స్టీలు కుళాయిల్ని, తలుపు బందుల్ని కూడా మచ్చలు పడేలా చేస్తుంది. పైగా ఇనుము గుంతల్లో ఉండిపోయే క్లోరైడ్ సముద్రపు ఉప్పు చేసే పనే చేస్తుంది, రంగు కింద తుప్పు మళ్లీ మొదలవుతుంది. కిలోమీటరు దూరంలో సముద్రం పెట్టుకుని ఇంట్లో మనమే క్లోరైడ్ పూసుకోవడం దేనికి?

నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, కిరాణా కొట్టులో దొరుకుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లకి వంద గ్రాములు కలిపి, బోల్టులు, గొళ్లేలు రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే నల్లటి మడ్డి వదిలి కింద బూడిద రంగు ఇనుము తేలింది. నాన్చలేని గ్రిల్ కమ్మీలకి ఆ నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి పైన ప్లాస్టిక్ కవరు కట్టాను. తర్వాత వంట సోడా నీళ్లతో, మంచినీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. అదే రోజు ప్రైమర్ పడకపోతే మన గాలికి సాయంత్రానికల్లా మళ్లీ ఎర్రబడుతుంది. ఆలస్యమవుతుంది, చేతులు నొప్పెడతాయి, కానీ పొగ లేదు, మంట లేదు. మార్బుల్ మీద, కడప రాయి మీద మాత్రం ఒలకనివ్వకండి, మెరుపు పోతుంది.

వైరు బ్రష్, ఎమెరీ పేపర్ అయితే ఏ రసాయనం లేదు కదా అంటారు. కొత్త రంగైతే సరే. పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో వచ్చిందే 2016లో. అలాంటి రంగుని పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లలు పాకే నేల మీద పడుతుంది. నీళ్లు చల్లుతూ తడిగా గీకాలి, దుమ్ము చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి.

గ్రిల్ పని చేసినవాళ్లే మిగిలిన యాసిడ్‌తో బాత్రూమ్ కడిగేస్తారు, అందుకే ఇది కూడా చెప్పాలి. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. టాయ్‌లెట్ క్లీనర్లలో చాలావాటిలో కూడా హైడ్రోక్లోరిక్ ఆమ్లమే ఉంటుంది, కాబట్టి దాని మీద కూడా వద్దు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. కిటికీ లేని బాత్రూములో రెండు గుక్కలు చాలు, ఊపిరి అందదు. పొరపాటున కలిసిందంటే కడుగుదామని అక్కడే నిలబడకుండా ముందు బయటికి వచ్చేయాలి. కరోనాకి కొన్న మాస్కు ఏ ఆవిరినీ ఆపదు.

ఈ గురువారం అదే పెయింటర్ వస్తున్నాడు. గ్రిల్ స్క్రూలు విప్పి మేడ మీదకి మోయాలి, దానికి రెండొందలు ఎక్కువిస్తానన్నాను. అరకిలో నిమ్మ ఉప్పు, రెండు లీటర్ల టర్పెంటైన్, ఒక మూతున్న ఇనుప డబ్బా తెచ్చి పెట్టాను. థిన్నర్ తెస్తే గేటు దగ్గరే ఉంచమన్నాను. "అమ్మగారి కాలు ఎలా ఉందమ్మా?" అని ఫోన్‌లో ముందు అతనే అడిగాడు.