పిల్లలకు హెచ్‌ఐవీ సంగతి చెప్పడం నేర్పే కౌన్సెలింగ్: అనంతపురం వైపు ఒక ఏఆర్‌టీ కేంద్రంలో ఎలా ఉంది

పుట్టుకతో హెచ్‌ఐవీ వచ్చిన పిల్లలకు ఆ మాట ఎప్పుడు, ఎట్లా చెప్పాలో పెంచేవాళ్లకు నేర్పే కౌన్సెలింగ్ గురించి ఈ సమీక్ష. అనంతపురం జిల్లాలోని ఒక ఏఆర్‌టీ కేంద్రంలో, అంటే హెచ్‌ఐవీకి మందులిచ్చే చోట, ఇది జరుగుతోంది. కేంద్రం పేరు కావాలనే రాయడం లేదు. ఆ గది ముందు బెంచీ మీద కూర్చున్న పిల్లను సొంతూరివాళ్లు ఎవరూ గుర్తుపట్టకూడదు. మందుల్లాగే ఇదీ ఉచితం.

బిడ్డకు ఎనిమిదేళ్లు దాటినా ఇంకా "బలం మాత్ర" అని నెట్టుకొస్తున్న ఇళ్లవాళ్లు ఆలస్యం చేయకుండా వెళ్లాల్సిన చోటు ఇది. చెప్పే రోజు వరకు చాలా బాగా చేయిస్తారు. చెప్పాక చూసుకోవడంలో మాత్రం లోటుంది.

బడి వయసు పిల్లలకు, అంటే ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు, ఈ సంగతి చెప్పాలని, అంతకంటే చిన్నవాళ్లకు విడతలుగా చెప్పుకుంటూ రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. ఇక్కడ ఆరేడేళ్లకు బొమ్మలతో మొదలుపెట్టి, పది పదకొండేళ్లకు హెచ్‌ఐవీ అన్న పేరు చెప్పేలా చూస్తారు. మన జిల్లాలకు ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. ఐదో తరగతి అయిపోగానే పిల్లలు గురుకులానికో, కస్తూర్బా విద్యాలయానికో, హాస్టల్‌కో పోతారు. రాత్రి మాత్ర గుర్తుచేసే జేజి అక్కడ ఉండదు. అది ఎందుకు మింగుతోందో తెలియని పిల్ల, పక్క మంచం పిల్ల "ఏం మాత్రలే అవి?" అని అడిగిందని నాలుగు రోజులు మానేస్తుంది. మానితే వైరస్ పెరుగుతుంది. మళ్లీ మళ్లీ మానితే మందుకు లొంగని రకం తయారవుతుంది, అప్పుడు మందే మార్చాల్సి వస్తుంది.

మొత్తం నాలుగు సార్లు పిలుస్తారు. మొదటిసారి పిల్లను తీసుకురావద్దంటారు. సుమారు ముప్పావు గంట పెద్దవాళ్లతోనే మాట్లాడతారు. ఇంట్లో ఎవరెవరికి తెలుసు, ఇంతవరకు పిల్లకు ఏమని చెప్పారు, పిల్ల ఏమేం అడిగింది అని ఆరా తీస్తారు. రెండో ప్రశ్న దగ్గర కౌన్సెలర్ తొందరపడకపోవడం మాకు నచ్చింది. "గుండె జబ్బు" అనో "రక్తం తక్కువ" అనో చెప్పి ఉంటే ముందు ఆ అబద్ధాన్ని విప్పుకోవాలి. దానికి ఒక మాట నేర్పుతారు: "అప్పుడు నువ్వు చిన్నదానివి, భయపడతావని అట్ల చెప్పినాం. ఇప్పుడు సరిగ్గా చెప్తా." ఈ మెట్టు ఎగ్గొట్టిన ఇళ్లలో పిల్లలు ఆ తర్వాత చెప్పే నిజాన్ని కూడా నమ్మరు.

రెండోసారి బొమ్మల అట్టలు తీస్తారు. శెనక్కాయ చేను, దాంట్లో పడే అడవి పందులు, కావలి కాసేవాళ్లు, చుట్టూ ముళ్లకంప. కావలివాళ్లు ఒంట్లోని రక్షణ కణాలు, పందులు క్రిమి, కంప రోజూ వేసుకునే మాత్ర. ఒకరోజు కంపలో సందు వదిలితే ఏమవుతుందో పల్లె పిల్లకు వేరే చెప్పక్కర్లేదు. అయితే ఈ బొమ్మలో ఒక తప్పుంది. కంప వేశాం కాబట్టి పందులు బయటే ఉన్నాయని, అంటే జబ్బు పోయిందని పిల్లలు అనుకుంటారు. కొన్నాళ్లకు "పోయింది కదా, ఇంకా మాత్రలెందుకు?" అంటారు. వైరస్ ఒంట్లోంచి పోదు, మాత్ర దాన్ని నిద్రపుచ్చుతుంది. అందుకే నిద్రపోతున్న పురుగు బొమ్మ ఇంకో అట్ట మీద ఉంది. కానీ హడావిడి రోజుల్లో దాన్ని చూపకుండానే ముగిస్తున్నారు. మీరే అడిగి చూపించమనండి.

మూడోసారి పేరు చెప్పడం. ఇక్కడే ఈ కేంద్రం మిగతా చోట్ల కంటే మేలు. పేరు కౌన్సెలర్ చెప్పరు, పెంచినవాళ్లతోనే చెప్పిస్తారు. ముందు కౌన్సెలర్ పిల్లలాగా కూర్చుంటే, జేజో చిన్నమ్మో రెండు మూడు సార్లు చెప్పి చూసుకుంటారు. "నీ రక్తంలో ఉన్న క్రిమి పేరు హెచ్‌ఐవీ." అంతే, ఒక్క వాక్యం. ఆ తర్వాత ఆగాలి. చాలామంది ఆ మౌనాన్ని భరించలేక ఏడుస్తారు, లేదా పెళ్లి దాకా జాగ్రత్తలన్నీ ఒకేసారి గుమ్మరిస్తారు. పిల్లకు ఏదీ బుర్రకెక్కదు.

"నాకెట్ల వచ్చింది?" అంటే, కడుపులో ఉన్నప్పుడో, కాన్పప్పుడో, పాలు తాగేటప్పుడో అమ్మ నుంచి వచ్చిందని, అమ్మ కావాలని ఇవ్వలేదని చెప్పమంటారు. "మీ నాయన చేసిన పాపం" అన్న మాట నోటికి వస్తుంటే రిహార్సల్‌లోనే ఆపేస్తారు. అమ్మ దీంతోనే చనిపోయి ఉంటే దాచొద్దంటారు, కానీ వెంటనే ఇంకో మాట చేర్చమంటారు: మందులు సరిగ్గా వేసుకునేవాళ్లు పెద్దవాళ్లవుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. పద్నాలుగు దాటిన పిల్లలైతే డబ్బా మీది పేరు చదివి ఫోన్లో వెతికేసుకుని ఉంటారు. వాళ్లను "నీకేం తెలుసో ముందు నువ్వు చెప్పు" అని అడుగుతారు. సరైన పద్ధతి.

"ఎవరికీ చెప్పొద్దు" అని ఊరుకుంటే పిల్ల తనేదో తప్పు చేశాననుకుంటుంది. అందుకని తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టిస్తారు: జేజి, చిన్నాయన, డాక్టరు, కౌన్సెలరమ్మ. ఏమన్నా అడగాలనిపిస్తే వీళ్లను అడగొచ్చు. తోటి పిల్లలు అడిగితే "డాక్టరు రోజూ వేసుకోమన్నాడు" అంటే సరిపోతుంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఈ కారణంతో బడిలో చేర్చుకోము అనడానికి లేదు, చెప్పి తీరాలని ఎవరూ బలవంతపెట్టడానికీ లేదు. ఈ సంగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెడితే బాగుండేది.

ఇక లోట్లు. గదికి తలుపు బదులు తెర ఉంది. మందుల వరుసలో నిలబడ్డవాళ్లకు లోపలి మాట వినిపిస్తుంది. మధ్యాహ్నం రెండు దాటాక వరుస పలుచబడుతుంది, అప్పటికి టైం అడగండి. దీనికంటే పెద్దది నాలుగోసారి పిలవడంలో ఉంది. మందులు మూడు నెలలకు ఒకేసారి ఇస్తున్నారు కాబట్టి, చెప్పాక పిల్లను మళ్లీ చూసేది ఆ మూడు నెలలకే. నడుమ ఒక ఫోన్‌తో సరిపెడుతున్నారు. నిద్రపట్టకపోవడం, తిండి మానడం, అమ్మ మీద కోపం, మాత్ర మింగినట్టే చేసి దిండు కింద పెట్టడం, ఇవన్నీ మొదటి రెండు వారాల్లోనే బయటపడతాయి. పేరు చెప్పిన రోజే పదిహేను రోజుల తర్వాతి తేదీని పుస్తకంలో రాయించుకోండి. అడిగితే ఇస్తారు. నడుమ ఏదన్నా తోచకపోతే 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

చెప్పే రోజును పరీక్షల ముందు గానీ, జూన్‌లో హాస్టల్‌కు పంపే వారంలో గానీ పెట్టుకోవద్దు. దసరా సెలవుల మొదట్లో పెట్టుకుంటే పిల్ల ఆ పది రోజులూ మీ కళ్ల ముందే ఉంటుంది, తోచినప్పుడల్లా అడుగుతుంది. చాలా ప్రశ్నలు రాత్రి దీపం ఆర్పాకే వస్తాయి, అందుకని ఆ రోజుల్లో పక్కనే పడుకోండి.