“ఫైలు మీ డివైస్ దాటదు” అని అమ్ముతున్న పీడీఎఫ్ మెర్జ్ యాప్‌లతో జాగ్రత్త

పీడీఎఫ్‌లు కలపడానికి డబ్బు పెట్టి యాప్ కొనబోతున్నవాళ్లు కాసేపు ఆగి ఇది చదవండి. “వంద శాతం ప్రైవేట్, పనంతా మీ డివైస్‌లోనే” అని చెప్పి అమ్ముతున్న ఒక యాప్ పెయిడ్ వెర్షన్‌ని పరీక్షిస్తే ఆ మాటలో సగమే నిజమని తేలింది. మామూలు పీడీఎఫ్‌లు రెండు కలిపితే పని నిజంగానే కంప్యూటర్‌లో జరుగుతుంది. అదే జాబితాలో ఒక వర్డ్ ఫైలు చేర్చినా, “సైజు తగ్గించు” అన్న టిక్కు ఉన్నా, మొత్తం ఫైళ్లు కంపెనీ సర్వర్‌కి వెళ్లిపోతాయి. ఆ టిక్కు ముందే పెట్టి ఉంటుంది. తెర మీద మాత్రం “ప్రాసెస్ అవుతోంది” అన్న మాటే తప్ప “అప్‌లోడ్” అన్న మాట ఎక్కడా కనిపించదు.

ఎలా తెలిసిందంటే: మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ యాప్ పేరు ఎదురుగా “సెంట్ బైట్స్” గడి చూస్తూ మెర్జ్ నొక్కాలి. 40 ఎంబీల స్కాన్ ఫైళ్లు ఇస్తే, అంతవరకు కొన్ని కేబీల దగ్గరున్న ఆ అంకె 40 ఎంబీలు దాటింది. లైసెన్స్ సరిచూసుకోవడానికో, అప్‌డేట్ ఉందా అని అడగడానికో అన్ని ఎంబీలు బయటికి పంపాల్సిన అవసరం లేదు. రీఫండ్ అడిగితే “యాప్ వాడేశారు కాబట్టి ఇవ్వం” అన్నారు. సర్వర్ సంగతి ప్రైవసీ పాలసీలో ఉందన్నారు. ఉంది, “కొన్ని ఫీచర్ల కోసం” అనే ఒక్క వాక్యంలో. కొనే పేజీలో మాత్రం ఆ ఊసే లేదు.

అసలు కలపడానికి సర్వర్ ఎందుకు అక్కర్లేదో తెలిస్తే ఇలాంటి మాటలకు పడిపోం. పీడీఎఫ్ లోపల అంతా నంబర్లు వేసిన ఆబ్జెక్టులే: పేజీ ఒకటి, ఫాంట్ ఒకటి, బొమ్మ ఒకటి. ఏ నంబరు ఫైలులో ఎక్కడుందో చెప్పే పట్టిక సాధారణంగా చివర్లో ఉంటుంది. రెండు ఫైళ్లు కలపడమంటే రెండో దాని ఆబ్జెక్టులకు కొత్త నంబర్లు ఇచ్చి, పేజీల వరుసలో చేర్చి, పట్టికను మళ్లీ రాయడం. పేజీలోని అక్షరాలనూ బొమ్మలనూ విప్పాల్సిన పనే లేదు. పాత ల్యాప్‌టాప్ కూడా వంద పేజీలను క్షణాల్లో కలిపేస్తుంది. వర్డ్ ఫైలును పీడీఎఫ్‌గా మార్చడం, స్కాన్‌లోని అక్షరాలను గుర్తించడం కాస్త బరువైన పనులు. యాప్‌లు ఫైళ్లను సర్వర్‌కి పంపేది ఎక్కువగా ఇలాంటి చోటే. కాబట్టి ట్రయల్‌లో రెండు చిన్న పీడీఎఫ్‌లు కలిపి చూసి తృప్తి పడకండి. మీరు రోజూ వాడే రకం ఫైళ్లన్నీ కలిపి, ప్రతి టిక్కూ పెట్టి చూడండి.

పరీక్షకు అసలు డాక్యుమెంట్లు వాడొద్దు. పనికిరాని బొమ్మలతో 30, 40 ఎంబీల ఫైలు ఒకటి తయారుచేసుకోండి. ముందు నెట్ తీసేసి, ఫోన్‌లో అయితే ఏరోప్లేన్ మోడ్ పెట్టి (వైఫై విడిగా ఆన్‌లో ఉండిపోలేదు కదా అని చూసుకుని) మెర్జ్ నొక్కండి. ఆగిపోయినా, “కనెక్షన్ లేదు” అన్నా విషయం అక్కడే తేలిపోయింది. పని పూర్తయినా అంతటితో నమ్మేయకండి. కొన్ని యాప్‌లు నెట్ వచ్చాక పంపేలా ఫైలును క్యూలో పెట్టుకోగలవు. అందుకే నెట్ మళ్లీ ఆన్ చేసి, యాప్‌ని కాసేపు తెరిచే ఉంచి, ఎంత డేటా బయటికి పోయిందో చూడండి. విండోస్‌లో రిసోర్స్ మానిటర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఏ ప్రోగ్రాం ఎంత పంపుతోందో కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీలోనే డేటా వాడకం ఉంటుంది. ఐఫోన్‌లో యాప్ ప్రైవసీ రిపోర్ట్ ముందే ఆన్ చేసి పెట్టుకుంటే యాప్ ఏయే డొమైన్లతో (నెట్‌లోని సర్వర్ల చిరునామాలతో) మాట్లాడిందో చూపిస్తుంది, ఎంత పంపిందో మాత్రం చెప్పదు.

బ్రౌజర్‌లో నడిచే సైట్లలో కూడా నిజంగా లోకల్‌గా, అంటే మీ డివైస్‌లోనే, కలిపేవి ఉన్నాయి. పేజీ మొత్తం లోడ్ అయ్యాక కోడ్ మీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఉంచి ఫైలు ఇవ్వండి. పోస్ట్ (POST) లేదా పుట్ (PUT) అనే రిక్వెస్టు మీ ఫైలంత సైజులో కనిపిస్తే అది అప్‌లోడే. ఈ రోజు లోకల్‌గా ఉన్న సైటు రేపు కోడ్ మార్చేసినా మనకు తెలియదు, అందుకే ముఖ్యమైన కాగితాలకు సైటు కన్నా ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రామే నయం. ఉచిత కన్వర్టర్ సైట్ల గురించి 2025 మార్చిలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు కూడా హెచ్చరించింది: కొన్ని సైట్లు అడిగిన పని చేసిపెడుతూనే తిరిగిచ్చే ఫైలులో మాల్వేర్ పెడుతున్నాయని, అప్‌లోడ్ చేసిన ఫైళ్లలోంచి వ్యక్తిగత వివరాలు లాగుతున్నాయని.

ఆండ్రాయిడ్ వాళ్లకు ఇంకో మాట. ప్లే స్టోర్‌లో “డేటా సేఫ్టీ” అని కనిపించేది డెవలపర్ తన గురించి తాను రాసుకున్నదే. దానికన్నా కిందికి వెళ్లి పర్మిషన్ల జాబితా తెరవండి. అందులో “ఫుల్ నెట్‌వర్క్ యాక్సెస్” లేని మెర్జ్ యాప్ దొరికితే దానికి తనంతట తాను నెట్‌కి వెళ్లే వీలుండదు. ఎంచుకోవాల్సింది అలాంటిదే.

ఇక ఈ పనికి చాలామంది డబ్బు పెట్టాల్సిన అవసరమే లేదు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ పీడీఎఫ్‌శామ్ బేసిక్ (PDFsam Basic) అనే ప్రోగ్రాం ఉచితం. అందులో మెర్జ్ తెరిచి, ఫైళ్లు చేర్చి, వరుస సరిచేసి, రన్ నొక్కడమే. రెండు వైపులా ప్రింట్ తీసేవాళ్లకు, బేసి సంఖ్య పేజీలున్న ఫైలు చివర ఖాళీ పేజీ చేర్చే ఆప్షన్ కూడా ఉంది. కమాండ్లు అలవాటున్నవాళ్లకు క్యూపీడీఎఫ్ (qpdf) అనే ప్రోగ్రాం చాలు. మ్యాక్‌లో ప్రివ్యూ ఎలాగూ ఉంటుంది: మొదటి ఫైలు తెరిచి, థంబ్‌నెయిల్స్ (పేజీల చిన్న బొమ్మలు) కనిపించేలా పెట్టి, రెండో ఫైలును ఆ పక్క పట్టీలోకి లాగి వదలాలి. కానీ ప్రివ్యూ మార్పులను అసలు ఫైలులోనే తనంతట తాను సేవ్ చేసేస్తుంది. ముందుగా డూప్లికేట్ తీసి, దానిమీదే పని చేయండి. ఐఫోన్ ఫైల్స్ యాప్‌లో ఫైళ్లు ఎంచుకుని మూడు చుక్కల గుర్తు నొక్కితే “క్రియేట్ పీడీఎఫ్” వస్తుంది. ఐక్లౌడ్ డ్రైవ్‌లో కాకుండా “ఆన్ మై ఐఫోన్” ఫోల్డర్‌లో ఉంచి చేయండి.

ఈ ఫోల్డర్ సంగతి కంప్యూటర్‌లోనూ అంతే. ప్రోగ్రాం ఎంత లోకల్ అయినా, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో సింక్ అవుతుంటే కలిపిన ఫైలు సేవ్ అవ్వగానే క్లౌడ్‌కి వెళ్లిపోతుంది. సింక్ లేని ఫోల్డర్ ఒకటి పెట్టుకుని అందులోనే కలపండి.

లోకల్‌గా కలిపినా దెబ్బతినే చోట్లు ఉన్నాయి. డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌ని కలిపితే ఆ సంతకం చెల్లదు. సంతకం ఆ ఫైలులోని బైట్లకు ముడిపడి ఉంటుంది, కలిపాక ఆ బైట్లే మారిపోతాయి. దాన్ని విడిగానే పంపండి. ఒకే ఫారాన్ని ఇద్దరి వివరాలతో నింపి కలిపితే రెండింట్లో గడుల పేర్లు ఒకటే కాబట్టి ఒకరి పేరు రెండు చోట్లా కనిపించే ప్రమాదం ఉంది. పీడీఎఫ్‌శామ్‌లో గడుల పేర్లు మార్చి కలిపే ఆప్షన్ ఎంచుకోండి. ఫైళ్ల పేర్లు 1, 2, 10 అని ఉంటే కొన్ని ప్రోగ్రాంలు 10ని 2 కంటే ముందు పెడతాయి, 01, 02, 10 అని పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. లైనక్స్‌లో పీడీఎఫ్‌యునైట్ (pdfunite) అనే కమాండ్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అది చివరి పేరును అవుట్‌పుట్‌గా తీసుకుంటుంది. కొత్త పేరు ఇవ్వడం మరిచిపోతే మీ చివరి ఫైలు మీదే రాసేస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం నల్ల పెట్టెలతో. ఖాతా నంబరు మీద నల్ల పెట్టె గీసి ఇతర పేజీలతో కలిపితే కింద ఉన్న అంకెలు అలాగే కొత్త ఫైలులోకి వస్తాయి. ఎవరైనా సెలెక్ట్ చేసి కాపీ కొట్టి చదివేయగలరు. ఆ పేజీని బొమ్మగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ బొమ్మనే పీడీఎఫ్‌గా మార్చి కలపండి. పంపేముందు ఆ నంబరులోని నాలుగు అంకెలు కొట్టి వెతకండి, ఏమీ దొరక్కూడదు.

ఇప్పటికే ఇలాంటి యాప్ కొనేసినవాళ్లు యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. స్టోర్ ఖాతాలో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి. రీఫండ్‌కి ముందు స్టోర్‌నే అడగండి, “డివైస్ దాటదు” అన్న పేజీ స్క్రీన్‌షాట్, బయటికి పోయిన డేటా అంకె స్క్రీన్‌షాట్ రెండూ జత చేయండి. అప్‌లోడ్ అయిన ఫైళ్లు తీసేయమని కంపెనీకి రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి. ఆ ఫైళ్లలో పాస్‌వర్డ్‌లు ఉంటే కంపెనీ జవాబు కోసం చూడకుండా ఈ రోజే మార్చేయండి.