బి550 మదర్‌బోర్డు: ఒంగోలులో నాలుగు ఎండాకాలాలు గడిచాక

2021 చివర్లో కంప్యూటర్‌లో బిగించిన బోర్డు ఇది. ఏఎండీ ప్రాసెసర్ల కోసం చేసిన బి550 చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపే చిప్పు), మైక్రో ఏటీఎక్స్ సైజు, అంటే 24.4 సెంటీమీటర్ల చదరం. నాలుగు ర్యామ్ స్లాట్లు, ఎస్ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాట్లు రెండు. దాని మీద రైజెన్ 5 5600జి ప్రాసెసర్ (గ్రాఫిక్స్ దాని లోపలే ఉంటుంది), 8 జీబీ డీడీఆర్4 ర్యాములు రెండు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా). విడిగా గ్రాఫిక్ కార్డు లేదు. రోజుకు ఎనిమిది నుంచి పది గంటల వాడకం. బోర్డు కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ తరహా ఏ బోర్డుకైనా కింది మాటలే వర్తిస్తాయి.

కొనేటప్పుడు రెండే చూడాలి. ఒకటి, ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్ఎం భాగం మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉందా లేదా. చవక బోర్డుల్లో అది ఉండదు. 65 వాట్ల ప్రాసెసర్‌కు అది లేకపోయినా నడుస్తుంది కానీ, మే నెలలో ఏసీ లేని గదిలో ఆ భాగానికి చల్లదనం ఎక్కడ్నుంచి వస్తుంది? రెండోది, ప్రాసెసర్ పెట్టకుండానే బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) మార్చుకునే బటన్. 5600జి విడిగా అమ్మకానికొచ్చింది 2021 ఆగస్టులో. అంతకుముందే తయారై గోడౌన్లో పడున్న బోర్డులో పాత బయోస్ ఉంటే ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొని రైల్లో తెచ్చుకున్నవాళ్లకు దాన్ని మార్చుకురావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. బటన్ ఉంటే చాలు: పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, బయోస్ ఫైలుకు మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, గుర్తు వేసిన యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చి, బటన్ నొక్కితే కొద్ది నిమిషాల్లో పని అయిపోతుంది. లైటు మిణుకుతున్నంతసేపూ కరెంటు పోకూడదు, అంతే.

రంగు లైట్లకు డబ్బు పెట్టనక్కర్లేదు. బాక్సు మీద పీసీఐఈ (కార్డులకూ, ఎస్ఎస్‌డీకీ డేటా నడిచే దారి) 4.0 అని పెద్దక్షరాలతో ఉంటుంది కానీ 5600జి ఇచ్చేది 3.0 మాత్రమే. ఖరీదైన ఎస్ఎస్‌డీ వేసినా సెకనుకు 3,500 ఎంబీ దగ్గరే ఆగుతుంది. ర్యామ్ మాత్రం 16 జీబీది ఒకటి కాకుండా 8 జీబీవి రెండు తీసుకోవాలి, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్కటే పెడితే దారి సగమైపోతుంది.

బిగింపులో అందరూ తప్పు చేసే చోటు స్టాండాఫ్‌లు, అంటే బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న స్తంభాలు. క్యాబినెట్‌లో ముందే బిగించి వచ్చిన ఇత్తడి స్టాండాఫ్ ఒకటి బోర్డు రంధ్రం కిందికి రాకపోతే, అది వెనక టంకం చుక్కలకు తగిలి షార్ట్ చేస్తుంది. బోర్డును పైన పెట్టి చూసుకుని, అక్కర్లేనిది ఊడదీయాలి. వెనక పోర్టుల రేకు విడిగా వచ్చే బోర్డయితే ముందు అదే. అది మర్చిపోతే అన్నీ విప్పాల్సిందే. మూల నుంచి వచ్చే 8 పిన్నుల ప్రాసెసర్ కేబుల్‌ను కూడా బోర్డు బిగించకముందే దాని రంధ్రంలోంచి లాగి పెట్టుకోవాలి, తర్వాత చెయ్యి దూరదు. ర్యాములు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో. 24 పిన్నుల కేబుల్ టక్‌మని కూర్చోవాలి. ముందు ప్యానెల్ వైర్లలో పవర్ స్విచ్‌ను ఎటు పెట్టినా పనిచేస్తుంది, లైట్ల వైర్లకే ప్లస్, మైనస్ చూసుకోవాలి.

ప్రాసెసర్‌తో వచ్చే కూలర్ నాలుగు స్క్రూలతో నేరుగా వెనక ప్లేటుకు బిగుస్తుంది. దానికోసం బోర్డు మీదున్న ప్లాస్టిక్ ముక్కలు రెండూ తీసెయ్యాలి. అవి తీయగానే వెనక ప్లేటు జారి పడుతుంది, కింద చెయ్యి పెట్టుకోవాలి. స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. అసలు ప్రమాదం రెండేళ్ల తర్వాత, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టు మార్చడానికి కూలర్ తీసేటప్పుడు. ఎండిన పేస్టు పట్టేసి, లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్‌లోంచి కూలర్‌తో పాటు ఊడొస్తుంది. ఈ బోర్డు సాకెట్ రకమైన ఏఎం4లో 1,331 కాళ్లుండేది ప్రాసెసర్‌కే, వంగితే సరిచేయడం ఒక నరకం. పావుగంట వాడి, వేడెక్కాక ఆపి, ప్లగ్గు పీకి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీస్తే ఈ బాధ లేదు.

ఇక కరెంటు. ఈ నాలుగేళ్లలో బోర్డు మీద వేసిన నిందల్లో ఎక్కువ భాగం నిజానికి గోడలోవే. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే బోర్డు లీకవుతున్నట్టు కాదు, సాకెట్ మూడో రంధ్రానికి ఎర్త్ లేనట్టు. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ లేకపోతే వాటివల్ల బాడీ మీద 230 వోల్టుల్లో సగం దాకా కనిపిస్తుంది. కరెంటు తక్కువే, చంపదు. కానీ హెడ్‌ఫోన్లలో గుయ్యిమనే శబ్దానికీ, పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు పోర్టులు పోవడానికీ అది చాలు. పాత ఇళ్లలో మూడో వైరు సాకెట్ దాకా వచ్చి, మెయిన్ దగ్గర దేనికీ కలవకుండా ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చేత ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టించి చూస్తే తెలిసిపోతుంది.

కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే ర్యామ్ మార్చకండి, ఇన్వర్టర్ వెనక స్విచ్ చూడండి. ఎస్ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబడేది సుమారు 16 మిల్లీసెకన్లే. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో అంతకన్నా ఆలస్యంగా అందుకుంటుంది. యూపీఎస్ మోడ్‌కు మారిస్తే సరిపోతుంది.

ఎండల్లో ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటింది, కానీ దాని హద్దు 95, స్పీడు తగ్గలేదు. వేడికన్నా కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలే ఎక్కువ పని చేసింది. మూడో ఏడుకు వెనక ఆడియో జాక్‌ల అంచులు తుప్పు పట్టాయి. వర్షాకాలంలో వారం రోజులు వాడకుండా వదిలేస్తే ర్యామ్ లైటు వెలిగి డిస్‌ప్లే రాదు. ర్యామ్ తీసి, బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెడితే చాలు. నవంబరు, డిసెంబరుల్లో రోజూ అరగంట ఆన్ చేసి ఉంచితే ఆ పనీ తప్పుతుంది. చీమకుర్తి వైపు వాళ్లకు ఉప్పు బదులు రాతి పొడి. ముందు జాలీని పదిహేను రోజులకోసారి కడగాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది, బోర్డులోకి ఎదురు కరెంటు కూడా వెళ్లొచ్చు.

విండోస్ 11లో అప్పుడప్పుడూ కాసేపు తడబాటు కనిపిస్తే బయోస్ పాతదై ఉండొచ్చు. టీపీఎం (భద్రతా తాళాలను దాచే భాగం) వల్ల వచ్చే ఈ సమస్యకు 2022లోనే అజీసా 1.2.0.7తో (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) మందు వచ్చింది. బయోస్ మార్చేముందు డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపకపోతే రికవరీ కీ అడుగుతుంది.

బోర్డులో ఇంతవరకూ మార్చినది ఒక్కటే, సీఆర్2032 బ్యాటరీ. తేదీ వెనక్కి పోవడం, 3200లో పెట్టిన ర్యామ్ తనంతట తానే 2400కు దిగడం దాని లక్షణాలు. వాచీల కొట్లో దొరుకుతుంది. మార్చాక బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) మళ్లీ ఆన్ చేయడం మాత్రం మర్చిపోవద్దు.