యూటా మెసాల మధ్య సైకిల్ టూర్: హైవే 12, హైవే 95, వైట్ రిమ్... ఏది మేలు?

అమెరికాలోని యూటా రాష్ట్రం దక్షిణాన బ్యాగులు కట్టుకుని సైకిల్ టూర్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు అడిగే ప్రశ్న "ఎక్కుడు ఎంత ఉంటుంది?" అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటిది, ఒక చోట బాటిళ్ళు నింపుకున్నాక మళ్ళీ నీళ్ళు దొరికే చోటు ఎన్ని మైళ్ళ దూరంలో ఉంది అన్నది. ఆ గాలిలో చెమట పట్టిందని తెలిసేలోపే ఆరిపోతుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూశాకే ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో అర్థమవుతుంది. ఊరికే తిరిగేవాళ్ళకే రోజుకు మనిషికి ఒక గ్యాలన్, అంటే దాదాపు 4 లీటర్లు ఉంచుకోమని నేషనల్ పార్కుల వాళ్ళు చెబుతారు. బరువుతో సైకిల్ తొక్కేవాళ్ళకి ఎండాకాలంలో అది చాలదు.

అక్కడి నేల తీరే అంత. పైన గట్టి ఇసుకరాయి పొర, దాని కింద మెత్తటి మట్టిరాయి. వాన నీళ్ళు కింది పొరను తొలిచేస్తూ పోతే పైరాయి అంచులు విరిగిపడి, నిటారు గోడలతో బల్లపరుపు కొండలు మిగిలాయి. అవే మెసాలు. రోడ్డు ఏదైనా ఈ పొరల మధ్య దిగుతూ ఎక్కుతూ పోవాల్సిందే. దారిలో దాటే వాగుల్లో చాలావరకు ఇసుక తప్ప ఏమీ ఉండదు.

ఈ ప్రాంతంలో ఎక్కువగా చర్చకు వచ్చే దారులు మూడు. మొదటిది హైవే 12, పాంగ్విచ్ దగ్గర మొదలై టోరీ దాకా సుమారు 120 మైళ్ళు. రెండోది హైవే 95, హాంక్స్‌విల్ నుంచి బ్లాండింగ్ దాకా, అదీ దాదాపు అంతే పొడవు. మూడోది కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కులోని వైట్ రిమ్, 100 మైళ్ళ మట్టిరోడ్డు. మొదటి రెండూ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కొలరాడోలోని ప్యూబ్లో దాకా సైకిల్ టూరిస్టులు వాడే వెస్టర్న్ ఎక్స్‌ప్రెస్ దారిలో భాగాలే. కాబట్టి వాటిలో ఒకటి ఎంచుకుంటే రెండోది వదులుకున్నట్టు కాదు, తర్వాతికి దాచుకున్నట్టు.

హైవే 12 గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమందికి సరిపోయేది ఇదే. పాంగ్విచ్ నుంచి తూర్పుకు తిరగగానే ఎర్రరాళ్ళ రెడ్ కాన్యన్ వస్తుంది. అక్కడ రోడ్డు పక్కనే సైకిళ్ళకి విడిగా తారుదారి ఉంది, అది బ్రైస్ కాన్యన్ దాకా తీసుకుపోతుంది. తర్వాత ట్రాపిక్, క్యానన్‌విల్, హెన్రీవిల్, ఎస్కలాంటే, బౌల్డర్, చివరికి టోరీ. అన్నీ చిన్న ఊళ్ళే, కానీ నీళ్ళు, తిండి, పడుకోవడానికి చోటు దొరుకుతాయి. ఊరికీ ఊరికీ మధ్య పెద్ద ఖాళీ అంటే 40 మైళ్ళ లోపే. ఈ ఒక్క కారణం చాలు, కొత్తవాళ్ళకి టెన్షన్ సగం తగ్గిపోతుంది.

అలాగని సులువైన దారి అనుకోకండి. ఎస్కలాంటే దాటాక రోడ్డు వంపులు తిరుగుతూ ఎస్కలాంటే నది దాకా దిగిపోతుంది. కాఫ్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ అక్కడే, వాగు ఒడ్డున. అక్కణ్ణుంచి పైకి ఎక్కితే హాగ్స్‌బ్యాక్ వస్తుంది. రెండు లేన్ల రోడ్డు పట్టేంత వెడల్పే ఉన్న రాతి వెన్ను అది, రెండు పక్కలా లోయలే. చాలాచోట్ల రెయిలింగ్ కూడా ఉండదు. పక్కగాలి కొట్టిందంటే వరిపొలం గట్టు మీద సైకిల్ తొక్కుతున్నట్టే ఉంటుంది. ఈ ఎక్కుళ్ళలో 14 శాతం వాలు కూడా తగులుతుంది. వెనక అద్దె ఆర్‌వీలు (ఇల్లులాంటి పెద్ద వ్యాన్లు) క్యూ కడితే మొహమాటపడకండి. లేన్ మధ్యలోనే తొక్కి, చోటు దొరికాక పక్కకు జరిగి వాళ్ళని పోనివ్వండి. అంచుకు ఒదిగి తొక్కితేనే సందు ఉందనుకుని పక్కనుంచి దూరి వెళ్ళాలని చూస్తారు. నా దృష్టిలో ఈ దారిలో అసలు ప్రమాదం ఎండ కాదు, ఆర్‌వీల పక్క అద్దాలు.

బౌల్డర్ ఊరు ఎంత మారుమూలదంటే, సరైన రోడ్డు పడేదాకా టపా కంచరగాడిదల మీదే వచ్చేది. ఆ ఊరు దాటాక బౌల్డర్ మౌంటెన్ ఎక్కుడు మొదలవుతుంది, 9,600 అడుగుల దాకా. ఎడారి మాయమై యాస్పెన్ చెట్లు, చల్లగాలి. పైనున్న వ్యూపాయింట్ల నుంచి తూర్పుకు చూస్తే వాటర్‌పాకెట్ ఫోల్డ్ రాతి మడతలు, వాటి వెనక హెన్రీ పర్వతాలు. హైవే 95 ఆ పర్వతాల అవతలి నుంచే వెళ్తుంది. మే మొదట్లో కూడా ఇక్కడ మంచు పడొచ్చు. వెచ్చటి జాకెట్, చేతి గ్లవుజులు లేకుండా ఈ దారికి రావద్దు.

టోరీ నుంచి హైవే 24 మీద క్యాపిటల్ రీఫ్ మీదుగా హాంక్స్‌విల్‌కి ఒక రోజు. పార్కులోని ఫ్రూటాలో మార్మన్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు నాటిన పండ్లతోటలు ఇంకా ఉన్నాయి. చెర్రీలో ఆప్రికాట్లో కాపుకొచ్చిన తోట తెరిచి ఉంటే, లోపల కోసుకుని తినొచ్చు. హాంక్స్‌విల్‌లో కొండని తొలిచి కట్టిన పెట్రోల్ బంకు కొట్టు ఒకటుంది. బాటిళ్ళు, బ్లాడర్లు (నీటి సంచులు) అన్నీ ఇక్కడే నింపుకోవాలి, ఎందుకంటే దీని తర్వాత హైవే 95.

95 తారు వేయడం పూర్తయింది 1976లో, అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్ళు నిండిన ఏడాది. అందుకే దీన్ని బైసెంటెనియల్ హైవే అంటారు. హాంక్స్‌విల్ నుంచి కొలరాడో నది దగ్గరి హైట్‌కి సుమారు 48 మైళ్ళు. చివర్లో నార్త్ వాష్ ఎర్రగోడల మధ్య మెలికలు తిరుగుతూ దిగుతుంది. ఆ దిగుడు ఒక్కటి చాలు ఈ దారి ఎంచుకోవడానికి. హైట్ ఒకప్పుడు ఆ నది మీది లేక్ పావెల్ జలాశయానికి పడవలరేవు. నీటిమట్టం పడిపోయి పడవల ర్యాంప్ ఎండు నేలలోకి దిగబడి ఉంది. నది మాత్రం తన పాత ఒండ్రును కోసుకుంటూ పారుతోంది. హైట్‌లో నీళ్ళుంటాయో లేదో ఆ ప్రాంతాన్ని చూసుకునే గ్లెన్ కాన్యన్ పార్కు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోకుండా బయల్దేరకండి. అక్కడ సిగ్నల్ కూడా ఉండదు.

హైట్ దాటాక వైట్ కాన్యన్ పక్కన ఎడతెగని ఎక్కుడు. నాచురల్ బ్రిడ్జెస్ మలుపు దాకా 40 మైళ్ళకు పైనే. నీడ లేదు, ఊరు లేదు. ఆ మలుపు దగ్గర ఎడమకి వెళ్తే హైవే వదిలి నాలుగైదు మైళ్ళ లోపల విజిటర్ సెంటర్ ఉంది, నీళ్ళకొళాయి అక్కడే. అలసిపోయిన కాళ్ళకి ఆ నాలుగైదు మైళ్ళూ అనవసరమనిపిస్తుంది, కానీ వెళ్ళి తీరాలి. వెళ్ళాక రాత్రికి ఉండిపోండి. 1908లో ప్రకటించిన ఈ నేషనల్ మాన్యుమెంట్‌కి 2007లో ప్రపంచంలోనే మొదటి డార్క్ స్కై పార్క్ (రాత్రి ఆకాశం చీకటిగా ఉండే పార్కు) గుర్తింపు దక్కింది. పాలపుంత చూడడానికి ఏ యాప్ సాయమూ అక్కర్లేదు. క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నవి 13 చోట్లే, ముందు రిజర్వేషన్ ఉండదు, కాబట్టి మధ్యాహ్నం లోపే చేరుకోవడం మంచిది.

మర్నాడు బేర్స్ ఇయర్స్ జంట మెసాల కిందుగా వెళ్ళి, మ్యూల్ కాన్యన్‌లో ప్యూబ్లో అనే ఆదివాసీ తెగల పూర్వీకులు కట్టుకున్న ఇళ్ళ శిథిలాలు చూసుకుని, కోంబ్ వాష్‌లోకి దిగి, కోంబ్ రిడ్జ్‌ను నిలువునా కోసిన రోడ్డు ఎక్కి బ్లాండింగ్ చేరొచ్చు. ట్రాఫిక్ చాలా పలచన. గంటకి నాలుగు కార్లు కనపడితే గొప్ప. మెసా నేలను నేలలా చూపించే దారి ఇదే అని నా గట్టి నమ్మకం. 12 మీద ప్రతి మలుపూ ఒక ఫోటో. 95 మీద ఒకే ఎర్రటి గోడ పక్కన గంటలకొద్దీ తొక్కుతూ, ఎండ వాలేకొద్దీ దాని రంగు మారడం చూస్తాం.

వైట్ రిమ్ గురించి తక్కువే చెబుతాను. 1950లలో యురేనియం వెతకడానికి అటామిక్ ఎనర్జీ కమిషన్ వేయించిన దారి అది. షేఫర్ వంపుల్లో నిలువు గోడ మీంచి దిగి, తెల్ల ఇసుకరాయి అంచునే సాగుతుంది. అందంలో దీన్ని మించింది లేదని ఒప్పుకుంటాను. కానీ దారి పొడవునా తాగే నీటి చుక్క లేదు. నాలుగు రోజులకి మనిషికి 16 లీటర్లు, వంటకి ఇంకొంచెం. ఆ బరువు సైకిల్ మీద ఇసుకలో లాగడం అయ్యే పని కాదు. అందుకే చాలామంది వెనక ఒక జీపు పెట్టుకుంటారు. రాత్రి బసకి పర్మిట్ ముందే తీసుకోవాలి, ఒక పర్మిట్ మీద 15 మంది దాకా, మూడు బళ్ళ దాకా వెళ్ళొచ్చు. జీపు నడపడానికి ఇష్టపడే స్నేహితులున్న బృందానికి ఇది పండగే. ఒంటరిగానో ఇద్దరుగానో సొంత సామానుతో టూర్ చేసేవాళ్ళకి మాత్రం వద్దంటాను.

నా సలహా సూటిగా: ఎడారిలో మొదటిసారి అయితే హైవే 12, పడమటి నుంచి తూర్పుకు, ఎందుకంటే వసంతంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. అది పూర్తిచేసి, సైకిల్ మీద 8 లీటర్లు మోస్తూ రోజంతా తొక్కగలరని తేలితే 95. కాలం విషయంలో మూడింటికీ ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలలే నయం. 12కి ఏప్రిల్ మాత్రం వద్దు, మంచు. జులై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా మధ్యాహ్నపు ఉరుముల వానలకి ఎండు వాగులు నిమిషాల్లో పొంగుతాయి. ఆ రోజుల్లో వాగుల్లో గుడారం వేయకండి.

శాకాహారులు తిండి గురించి బెంగపెట్టుకోనక్కర్లేదు. ఊళ్ళలో బీన్ బరీటో (చిక్కుడు గింజలు చుట్టిన రొట్టె) దొరుకుతుంది. 95 మీదకి మాత్రం అటుకులు, వేరుశెనగ చిక్కీ, కాస్త ఆవకాయ పట్టుకెళ్ళండి. అటుకులకి నీళ్ళు తక్కువ చాలు, ఆవకాయ వల్ల ఉప్పు కూడా అందుతుంది. గుడారం వేసేచోట నల్లగా గరుకుగా కనిపించే మట్టి పొర మీద కాలు పెట్టకండి. అది జీవమున్న పొర, ఒక్క అడుగుకి చెదిరితే మళ్ళీ కట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. సైకిల్‌ని రోడ్డు పక్క మట్టిలోకి దించేటప్పుడు కింద చూసుకోండి. అక్కడ గోట్‌హెడ్ అనేది మన పల్లేరు మొక్కే, అదే ముల్లు. టైరులో సీలెంట్ (రంధ్రాన్ని మూసే ద్రవం) పోసుకుని రావడం మేలు.

తిరుగు ప్రయాణం ముందే తేల్చుకోండి. బ్లాండింగ్‌లో రైలు లేదు. 12తో ఆగిపోయేవాళ్ళు హాంక్స్‌విల్ దాకా తొక్కి, అక్కణ్ణుంచి ఇంకో 55 మైళ్ళు ఉత్తరానికి వెళ్తే గ్రీన్ రివర్‌లో ఆమ్‌ట్రాక్ రైలు ఆగుతుంది. 95 చేసేవాళ్ళు బ్లాండింగ్‌కి కారుతో వచ్చి తీసుకెళ్ళేవాళ్ళని ముందే మాట్లాడుకోవాలి.