మారేడుమిల్లిలో రెండు రాత్రులు, వాగు ఒడ్డున ఒక బండ

మారేడుమిల్లికి ఇంతకుముందు మూడుసార్లు వెళ్లాను. ప్రతిసారీ ఒకటే వరస. పొద్దున్నే రాజమండ్రిలో బయలుదేరడం, రంపచోడవరం దగ్గర టిఫిన్, జలతరంగిణి, అమృతధార, మధ్యాహ్నం బొంగులో చికెన్, చీకటి పడేలోగా వెనక్కి. తర్వాత ఏ జలపాతం ఏదో ఫొటోలు చూసుకుంటే గానీ గుర్తొచ్చేది కాదు.

మొన్న నవంబర్‌లో నేనూ మా ఆయనా అక్కడ ఊరికే ఉండటానికి వెళ్లాం. అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు. నిద్ర పట్టడం లేదు. శ్వాస మీద ధ్యాస పెడదామని కళ్లు మూసుకుంటే ఆసుపత్రి వరండానే కనిపించేది. "అయితే కళ్లు తెరుచుకునే చెయ్యమ్మా. చెట్ల మధ్య కూర్చుని, కనిపించేదీ వినిపించేదీ గమనించు చాలు" అన్నారు మా ధ్యానం టీచరు. జపాన్‌లో దీన్ని షిన్రిన్-యోకు, అంటే అడవి స్నానం అంటారు. 1982లో అక్కడి అటవీ శాఖే ఆ పేరు పెట్టి జనాన్ని అడవుల్లోకి పిలిచింది.

మొదటి రాత్రి రోడ్డు పక్కన రిసార్ట్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, భోజనం వేళకి పెట్టారు. కానీ కింద లాన్‌లో పాటలు రాత్రి పన్నెండు దాటినా ఆగలేదు. వెళ్లి అడిగితే "వీకెండ్ కదా మేడమ్" అన్నారు. అడవి మధ్యలో పడుకుని కీచురాళ్ల చప్పుడైనా వినలేకపోయాను. ఏడుపొచ్చింది.

తెల్లారగానే గది ఖాళీ చేసి, ఊరికి దూరంగా స్థానిక గిరిజన కుటుంబాలు నడిపే చిన్న బసకి మారాం. అద్దె దాదాపు సగం. టీవీ లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. వేడినీళ్లు కావాలంటే కట్టెల పొయ్యి మీద కాచి బకెట్‌తో ఇస్తారు. భోజనం సంగతి పొద్దున్నే చెప్పాలి, అప్పటికప్పుడు దొరకదు. మాకు వండిన ఆవిడ పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాల్చింది. నూనె చుక్క వెయ్యలేదు. రోడ్డు పక్కన ఆదరాబాదరాగా కాల్చి ఇచ్చేదానికీ దీనికీ పోలికే లేదు. దోమతెర మాత్రం అడిగి మరీ కట్టించుకోండి, ఏజెన్సీలో మలేరియా భయం ఉంది.

ఆ బస వెనక పది నిమిషాలు నడిస్తే వాగు. ఒడ్డున మనిషి కూర్చునేంత వెడల్పున్న బండ. రెండు పూటలా అక్కడే కూర్చున్నాను. మొదటి అరగంట చాలా కష్టమైంది. చెయ్యి అదే పనిగా ఫోన్ కోసం వెతుక్కుంది. తర్వాత నీటి మీద నడిచే సన్నకాళ్ల పురుగు ఒకటి కంటపడింది. పురుగు గడ్డిపరకంత, కానీ అడుగున ఇసుక మీద దాని నీడ వేరేగా ఉంది. కాలు ఆనిన ప్రతిచోటా నీరు చిన్న గుంటలా నొక్కుకుని, కింద గుండ్రటి నల్లటి బొట్టు పడుతోంది. పురుగు జరిగితే బొట్లన్నీ కలిసి జరుగుతున్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. అవతలి గట్టున అడవికోడి కూసింది. పెరటి కోడి కూతలాగే మొదలై, చివర పుటుక్కున తెగిపోయింది. అంతసేపూ ఆసుపత్రి వరండా గుర్తు రాలేదని అప్పుడు తట్టింది.

ఇలా కూర్చోవడానికి ఏ చోటు మంచిదంటే, జలతరంగిణి రోడ్డుకి మరీ దగ్గర, సెలవు రోజుల్లో పనికిరాదు. అమృతధారకి కొంత నడవాలి, కాబట్టి పొద్దున్నే వెళ్తే జలపాతం మనదే. గుడిస కొండ మీద గడ్డి మైదానం అద్భుతమే. కానీ సూర్యోదయానికి జీపులన్నీ ఒకేసారి వస్తాయట. వానాకాలంలో వాగు దగ్గర అస్సలు కూర్చోకండి, పైన ఎక్కడో కురిసిన వానకి ఇక్కడ ఒక్కసారిగా నీరు పెరుగుతుంది. బస మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా అనే ముందు "రాత్రి సౌండ్ సిస్టమ్ పెడతారా?" అని అడగండి.

చివరి రోజు పొద్దున నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే "జలుబు చేస్తుందే, కాళ్లు తియ్యి" అన్న అమ్మ గొంతు వినిపించినట్టయింది. ఏడుస్తూనే వాగు చప్పుడు విన్నాను. ఇంతలో మా ఆయన వచ్చి "ఇంకా టైముంది, అమృతధార చూసి వెళ్దామా?" అన్నారు.

"ఇంకో గంట ఇక్కడే ఉందామండీ" అన్నాను.

ఆయన చెప్పులు విప్పి, పక్కనున్న చిన్న రాయి మీద కూర్చున్నారు.