పిచ్ డెక్ పక్కన పెట్టి ఎన్‌వీడీఏ ఆన్ చేయండి: ఒక రివ్యూ

ఎన్‌వీడీఏ అంటే విండోస్ కంప్యూటర్లో పనిచేసే స్క్రీన్ రీడర్. తెర మీదున్నది చదివి వినిపిస్తుంది. చూపులేనివాళ్ళు దీంతోనే కోడ్ రాస్తారు, బ్యాంకు పనులు చేసుకుంటారు. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ చూపులేని ప్రోగ్రామర్లే. ఉచితం, సోర్సు కోడ్ కూడా బహిరంగమే.

రోజూ వాడేవాళ్ళకు దీని గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ రివ్యూ పిచ్ డెక్‌లో, అంటే పెట్టుబడి అడుగుతూ చూపించే స్లైడ్లలో, "అందరినీ కలుపుకుపోతాం" అని స్లైడు పెట్టే స్టార్టప్‌లకూ, ఆ స్లైడు చూసి చెక్కు రాసే ఇన్వెస్టర్లకూ. ఆ మాటలో నిజమెంతో పది నిమిషాల్లో తేల్చే పనిముట్టు ఇంతకంటే చవకగా దొరకదు.

ఎన్‌వీడీఏను తయారుచేసే ఎన్‌వీ యాక్సెస్ సంస్థ సైటు నుంచి ఫైలు దింపుకుని నడపగానే గొంతు మొదలవుతుంది, కంగారుపడొద్దు. లైసెన్సు పెట్టెలో టిక్ పెట్టి "పోర్టబుల్ కాపీ" ఎంచుకోండి. పెన్‌డ్రైవ్‌లో పడుంటుంది, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ అనుమతి అక్కర్లేదు. ఎన్‌వీడీఏ కీ మామూలుగా ఇన్సర్ట్. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇన్సర్ట్ ఎక్కడుందో వెతుక్కోవాలి కాబట్టి మొదటి తెరలోనే క్యాప్స్‌లాక్‌ను ఎన్‌వీడీఏ కీగా పెట్టుకోండి. మెనూలో టూల్స్ కింద స్పీచ్ వ్యూయర్ తెరిస్తే పలికేదంతా అక్షరాల్లో కనిపిస్తుంది. చెవి అలవాటుపడే దాకా అదే ఆసరా. గొంతు ఆగాలంటే కంట్రోల్, మొత్తం మూసేయాలంటే ఎన్‌వీడీఏ కీతో క్యూ.

కొత్తగా పరీక్షించేవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. ట్యాబ్ ఒక్కటే నొక్కుకుంటూ పోయి "సగం పేజీ చదవట్లేదు" అంటారు. ట్యాబ్ లింకులు, బటన్లు, ఫారం గడుల మీదే ఆగుతుంది. మామూలు వాక్యాలు వినాలంటే కింది బాణం నొక్కాలి. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షిక, బి నొక్కితే బటన్, ఎఫ్ నొక్కితే ఫారం గడి. ఎన్‌వీడీఏ కీతో ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులు, శీర్షికలు జాబితాగా వస్తాయి. ఆ జాబితాలో "ఇక్కడ క్లిక్ చేయండి" అని పన్నెండుసార్లు కనిపిస్తే ఆ సైటు సంగతి సగం తెలిసిపోయినట్టే.

ఇక అసలు పరీక్ష. ఎన్‌వీడీఏ, కంట్రోల్, ఎస్కేప్ మూడూ కలిపి ఒక్కసారి నొక్కితే స్క్రీన్ కర్టెన్ పడి తెర నల్లబడుతుంది. అవే మళ్ళీ నొక్కితే తిరిగొస్తుంది. ఆ చీకట్లో తన సైట్లోనే సైనప్ పూర్తి చేయమని ఫౌండర్‌ను కూర్చోబెట్టండి.

ఎక్కువగా తెగేది ఓటీపీ దగ్గర. ఆరు అంకెలకు ఆరు గడులు, ఒక్కదానికీ లేబుల్, అంటే ఆ గడి దేనికో చెప్పే పేరు, ఉండదు. "ఎడిట్, బ్లాంక్" అని ఆరుసార్లు వినిపిస్తుంది. పక్కన తిరిగే టైమర్‌కు కోడ్‌లో aria-live (మారినదాన్ని వెంటనే చదివించే గుర్తు) "అసర్టివ్" అని పెట్టి ఉంటే సెకనుకోసారి "ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది" అంటూ మిగతా మాటలన్నిటినీ మింగేస్తుంది. అంకె తప్పయితే గడి అంచు ఎర్రబడుతుంది, నోటితో మాత్రం ఏమీ చెప్పదు. ఇవేవీ ఎన్‌వీడీఏ లోపాలు కావు. ఆరు గడుల బదులు లేబుల్ ఉన్న ఒకే గడి, తప్పు చెప్పే వాక్యానికి అలర్ట్ రోల్ (వెంటనే చదివి వినిపించమని కోడ్‌లో పెట్టే గుర్తు), టైమర్‌కు మౌనం, ఇంతే కావలసింది. మెనూ గుర్తు మీద ఉత్త "క్లిక్కబుల్" అని వినబడితే అక్కడ బటన్ ట్యాగ్ బదులు డివ్, అంటే ఏ అర్థమూ లేని ఉత్త పెట్టె, వాడారని అర్థం.

తెలుగు దగ్గర మార్కులు తగ్గుతాయి. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతు సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉంది. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, ఎస్ నొక్కి దాన్ని ఎంచుకోవాలి, తర్వాత స్పీచ్ సెట్టింగుల్లో వాయిస్ తెలుగుకు మార్చాలి. మాట అర్థమవుతుంది గానీ రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని రాయకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగక్షరాల దగ్గర తడబడుతుంది. కొన్ని గొంతులైతే పలక్కుండానే దాటేస్తాయి. ఇక అను ఫాంట్లలో టైపు చేసిన పాత పీడీఎఫ్‌లు వినడం ఒక శిక్ష. కంటికి తెలుగే, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. యూనికోడ్‌లోకి మార్చడం తప్ప వేరే దారి లేదు.

డబ్బు పెట్టేవాళ్ళకు దీంతో పనేంటంటే, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు వైకల్యం ఉన్నవాళ్ళకూ అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం (జీవించే హక్కు) కిందికి వస్తుందని చెప్పింది. ఆన్‌లైన్లో గుర్తింపు నిరూపించుకునే ఈ-కేవైసీలో కనురెప్ప ఆర్పమనే మెట్టు అందరివల్లా అయ్యేది కాదు, ఆ వ్యాజ్యం అక్కడి నుంచే పుట్టింది. అదే ఏడాది జూలైలో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ కూడా తన కిందున్న సంస్థలకు యాక్సెసిబిలిటీ సర్క్యులర్ ఇచ్చింది. ఫిన్‌టెక్‌లో పెట్టుబడి పెట్టేటప్పుడు డ్యూ డిలిజెన్స్ (డబ్బు పెట్టేముందు చేసే తనిఖీ) జాబితాలో ఇదొక వరుసగా చేరాలి. డబ్బు కోసం మీ దగ్గరికొచ్చే ఫౌండర్ల వైపు నుంచి చూసినా అంతే. మచిలీపట్నం దగ్గర పుట్టిన శ్రీకాంత్ బొల్లా పుట్టుకతోనే చూపులేనివాడు. ఆయన బొల్లాంట్ ఇండస్ట్రీస్‌లో రతన్ టాటా డబ్బు పెట్టారు. అలాంటి ఫౌండర్ మీ ఫండ్ అప్లికేషన్ ఫారం సాయం లేకుండా నింపగలడా? ముందు దాని మీదే నడిపి చూడండి.

పరిమితులు రెండు. చూపున్నవాళ్ళు పది నిమిషాలు వింటే మొరటు తప్పులు దొరుకుతాయి, అంతే. రోజూ స్క్రీన్ రీడర్ వాడే టెస్టర్లను ఫీజిచ్చి పిలవాలి, మాటసాయంగా అడగకూడదు. రెండోది, ఎన్‌వీడీఏ ఫోన్లో పనిచేయదు. ఆండ్రాయిడ్ యాప్‌కు ఆ ఫోన్ల స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ వాడాలి. అది ఆన్ చేసేముందు ఎలా ఆపాలో తెలుసుకోండి: టాక్‌బ్యాక్‌లో ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. ఈ సంగతి తెలియకపోతే సెట్టింగుల్లోనే ఇరుక్కుపోతారు.